పుర్రె బొమ్మ తలుపులు

మా బావకి కుడి చెవి సగమే ఉండేది. మిగతా సగం చక్కెర బేరంలో పోయింది.

ఈ మాట చెబితే అందరూ నవ్వుతారు. నవ్వుకోండి, నాకేం? ఆ రోజు నేను పక్కనే ఉన్నాను. అప్పట్లో సరుకుల ఎక్స్ఛేంజీ అంటే కంప్యూటర్లూ తెరలూ కావు. పెద్ద హాలు, దాని మధ్యలో మెట్లు మెట్లుగా దిగే గుంట, ఆ గుంట నిండా గొంతులు చించుకునే మగవాళ్ళు. చేపల మార్కెట్టు దానికన్నా నయం. చక్కెర ధర కుప్పకూలుతున్న ఆ పూట అందరూ "అమ్ముతున్నా, అమ్ముతున్నా" అని అరుస్తుంటే, మా బావ ఒక్కడే "కొంటా" అని చెయ్యెత్తాడు. ఊరంతా ఒక దారి అయితే ఉలిపికట్టెది ఒక దారి. తన సరుకంతా తెగనమ్ముకుంటున్న ఒక బ్రోకరుకి, దాన్ని ఎవడో తాపీగా ఏరుకోవడం చూసేసరికి పిచ్చెక్కింది. మీద పడి చెవి పట్టుకున్నాడు, పళ్ళతో. నలుగురు లాగితే గానీ వదల్లేదు. వదిలాక కూడా చెవి సగం అతని నోట్లోనే ఉంది. మా బావ కాలరు మీదుగా రక్తం కారుతుండగానే మళ్ళీ చెయ్యెత్తి ఇంకొంత కొన్నాడు.

"అరుపులు విని అమ్మకూడదురా," అన్నాడు నాతో, కుట్లు వేయించుకుంటూ. "అరిచేవాడు భయపడ్డాడని అర్థం. భయపడ్డవాడి దగ్గర సరుకు చవక."

ఏడాది తిరక్కుండా చక్కెర ధర చుక్కలనంటింది. ఆ తర్వాత ఆయన్ని ఆపడం ఎవరి తరమూ కాలేదు.

అక్క ఆయనకి భూగోళం అని పేరు పెట్టింది. పళ్ళు తోముకుంటూ కూడా ఆయన మాట్లాడేది భూమికి అవతలి వైపు సంగతులే. ఒక దేశంలో కాఫీ తోటలకి మంచు పట్టిందట, ఇంకో దేశంలో పత్తికి తెగులట, మరో చోట కొత్త రాజు నూనె గింజలు బయటికి పోనివ్వనన్నాడట. "ప్రపంచంలో ఏ మూల వాన పడలేదో ఈయనకి తెలుసు. వంటింట్లో కొళాయి కారుతోందని మాత్రం తెలీదు," అనేది అక్క. అప్పుడాయన నిజంగా ఆశ్చర్యపోయి, "కారుతోందా?" అనేవాడు.

కాగితం మీద రాసింది ఆయన నమ్మడు. తన కళ్ళతో చూడాలి. దాయాది చావు కోరతాడు, బావమరిది బతుకు కోరతాడు అని సామెత ఉంది కదా, అందుకని నన్ను వెంటేసుకుని దేశాలు పట్టుకుని తిరిగాడు. ఒకసారి రాగి గనుల ఊళ్ళో ఉన్నాం. సమ్మె చేస్తున్న కూలీల ఊరేగింపు పక్కన నడుస్తున్నాం. సైనికులు చెప్పాపెట్టకుండా కాల్చారు. నా ముందు నడుస్తున్న మనిషి మెడ పట్టుకుని కూర్చుండిపోయాడు. వేళ్ళ సందుల్లోంచి రక్తం చిమ్మి నా మొహాన పడింది. ఎవరో నా కాలరు పట్టి మురుక్కాలువలోకి ఈడ్చారు. చూస్తే బావ. ఇద్దరం బురదలో బోర్లా పడుకున్నాం. ఆయన తన చెయ్యి నా తల మీద అడ్డం పెట్టాడు. అరచెయ్యి గుండుని ఆపుతుందా? ఆపదు. అయినా కాల్పులు ఆగేదాకా తియ్యలేదు. ఆ చెయ్యి అలాగే ఉంచి, తల కొంచెం ఎత్తి, కొలిమి గొట్టాల వైపు చూశాడు.

"పొగ ఆగిపోయిందిరా. రాగి పెరుగుతుంది," అన్నాడు.

ఆ నోటిని పగలగొట్టాలనిపించింది నాకు. ఆ చేతిని కళ్ళకద్దుకోవాలనీ అనిపించింది. ఆయనతో తిరిగినన్నాళ్ళూ నా బతుకు ఈ రెంటి మధ్యే నలిగింది.

ఇంటికొచ్చి చెబితే అక్క అన్నం వడ్డిస్తున్న గరిటె ఆపింది. "ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్ట ముట్టించుకోవడానికి నిప్పడిగాడట ఇంకొకడు. ఆ ఇంకొకణ్ణి నేను కట్టుకున్నాను," అంది.

"నిప్పు నేను పెట్టలేదు కదా," అన్నాడు బావ. ఆయన నొచ్చుకోలేదు. నిజమే చెప్పానని ఆయన నమ్మకం.

రేవు పక్కన ఆయనకి మూడు గోడౌన్లు ఉండేవి. మొదట్లో ఒక ముసలాయన్ని కాపలా పెట్టాం. ఒకరోజు పొద్దున్నే వెళ్ళేసరికి గేటు దగ్గర గొంతు కోసి పడేసి ఉన్నారు. పోయింది కాసిని బస్తాలు. బావ ఎవరినీ ముట్టుకోనివ్వకుండా ఆ శవాన్ని తనే భుజాన వేసుకుని వాళ్ళింటికి మోసుకెళ్ళాడు. దారంతా ఏడ్చాడు. మళ్ళీ ఎవరినీ కాపలా పెట్టనన్నాడు. ఏదో దేశపు రేవులో చూసొచ్చిన ఉపాయం ఒకటి అమల్లో పెట్టాడు.

ధాన్యానికి పురుగు పడితే బస్తాల మధ్య మాత్రలు పెట్టి, పైన పరదాలు కప్పి, తలుపులు బిగిస్తారు. ఆ మాత్రల్లోంచి వచ్చే గ్యాసుకి పురుగు చస్తుంది. మనిషి పీలిస్తే మనిషీ చస్తాడు. అలా మందు పెట్టినప్పుడు తలుపు మీద పుర్రె బొమ్మ బోర్డు తగిలించాలి. మేం ఏ మందూ పెట్టకుండానే మూడు తలుపులకీ తగిలించేశాం. 'లోపల విషవాయువు. తెరిస్తే ప్రాణాపాయం' అని ఎర్ర రంగుతో నేనే రాశాను. బొమ్మలు గీయడం రాదేమో, నా పుర్రెలు మూడూ నవ్వుతున్నట్టు వచ్చాయి.

"కాపలాకన్నా కపాలం నయంరా," అన్నాడు బావ. "దీని గొంతు ఎవడూ కొయ్యలేడు."

దొంగలు మళ్ళీ రాలేదు. హమాలీలకి మాత్రం అది రోజూ దొరికే వేళాకోళం. పుర్రెని వాళ్ళు మామగారు అనేవారు. చొక్కాలు విప్పి ఆ బోర్డు మేకుకే తగిలించి లోపలికి వెళ్ళేవారు. మధ్యాహ్నం తిండి తిని ఆ బస్తాల మీదే కునుకు తీసేవారు. వాళ్ళ మేస్త్రీ గేటంత మనిషి. పొద్దున్నే తలుపు తీస్తూ పుర్రెకి దణ్ణం పెట్టి, "మామగారూ, అల్లుళ్ళం వచ్చాం, మర్యాదలు చూడండి," అనేవాడు. మా బావ కూడా నవ్వేవాడు.

ఆ ఏడు గోధుమలు. పంటలు బ్రహ్మాండంగా ఉన్నాయని లోకమంతా చంకలు గుద్దుకుంటున్నప్పుడే బావ ఓడల కొద్దీ కొని మూడు గోడౌన్లూ నింపాడు. ఒక దేశపు పొలాల్లో నేల నోళ్ళు తెరవడం తను చూసొచ్చానన్నాడు. ఇంకో దేశపు సరిహద్దులో టాంకులు చూశానన్నాడు. ఆయన చెప్పినట్టే వానలు మొహం చాటేశాయి, యుద్ధం వచ్చి ఓడల దారి మూసుకుపోయింది. ధర పొద్దునొకటి, సాయంత్రమొకటి. బావ గోడౌన్లకి తాళాలు వేసి ఆ తాళంచెవుల గుత్తి జేబులో పెట్టుకున్నాడు. అమ్మకం లేదు గనక మోత లేదు, మోత లేదు గనక హమాలీలకి కూలి లేదు. రొట్టెల దుకాణాల ముందు కొట్లాటలు మొదలయ్యాయి. చేతిలో రొట్టె వదలని ఒకామె మణికట్టు విరగ్గొట్టి లాక్కున్నారు. అది చూసి తిన్నగా బావ దగ్గరికి వెళ్ళాను.

"ఇంకొక్క వారం ఆగు," అన్నాడు.

"ఇది రాగి కాదు బావా. తిండి."

"నేనిప్పుడు అమ్మేస్తే ఈ ఊళ్ళోనే ఉంటుందనుకుంటున్నావా? కొన్నవాడు రేపే ఓడెక్కించి ఎక్కువిచ్చేవాడికి పంపేస్తాడు."

"అయితే నువ్వే ఈ ఊరికి అమ్ము."

"వారం ఆగు," అన్నాడు మళ్ళీ. తను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు.

సరుకు కదలకపోయేసరికి మూడో గోడౌన్లో ముక్కుపురుగు పడింది. మందు పెట్టేవాణ్ణి పొరుగూరి నుంచి రప్పించాం. ఈసారి నిజం మందే. అతను ముసుగు తగిలించుకుని మాత్రలు పెట్టి, పరదాలు కప్పి, బయటికొచ్చి తలుపు సందులన్నిటికీ కాగితం పట్టీలు అంటించాడు. "గట్టిగా పీలిస్తే మనిషి దక్కడు సార్. బోర్డు తప్పకుండా పెట్టండి," అన్నాడు వెళ్ళబోతూ.

"ఉందిగా," అని తలుపు చూపించాడు బావ.

ఉంది. నేనూ చూశాను. నవ్వుతూ అక్కడే ఉంది. అది బోర్డు కాదు, హమాలీలకి పాత జోకు అని మా ఇద్దరికీ ఆ క్షణాన తట్టలేదు.

ఆ మర్నాడు పొద్దున మా బావ ఇంటి అద్దాలన్నీ పగిలాయి. ఒక రాయి తగిలి అక్క నుదురు చీలింది. గుడ్డ కట్టుకుని ఆమె కూడా మాతో గోడౌన్లకి వచ్చేసింది. అక్కడైతే గోడలు ఎత్తు, గేటు ఇనుముది. మేడ మీద ఆఫీసు గదిలో కూర్చున్నాం. మధ్యాహ్నం ఒక లారీ వెనక్కి వచ్చి గేటుని గుద్దింది. మూడోసారికి గేటు ఊడి పడింది. జనం వరదలా లోపలికొచ్చారు. బావ కారు తిరగేసి తగలబెట్టారు. పారిపోబోయిన గుమాస్తాని పట్టుకుని మొహం నేలకేసి రుద్దారు. అతని కేకలు పైదాకా వినిపించాయి. ముందున్నది హమాలీలే. మేస్త్రీ చేతిలో బస్తాలు లాగే ఇనప కొక్కెం ఉంది.

కొందరు మొదటి గోడౌన్ వైపు పరిగెత్తారు. మేస్త్రీ వాళ్ళని వెనక్కి పిలిచాడు.

"అటు కాదురా! ఇటు రండి! దీనికి కొత్తగా కాగితాలంటించి మూశారు. అసలు సరుకు ఇక్కడ దాచాడు!"

బావ కిటికీ దగ్గరికి దూకి, హమాలీలని పిలవడానికి అక్కడ ఉంచే మైకు తీసుకున్నాడు. "మూడోదాని జోలికి వెళ్ళకండి! లోపల గ్యాసుంది! నిజంగా ఉంది!"

కింద తలలన్నీ పైకి లేచాయి. తర్వాత నవ్వులు. అంత ఆకలిలోనూ పగలబడి నవ్వారు.

"ఏంటి సారూ, మామగారికి ఇన్నేళ్ళకి కోపమొచ్చిందా?" అని అరిచాడు మేస్త్రీ.

నేను బావ చెయ్యి పట్టుకున్నాను. "తాళంచెవులివ్వు బావా. ఒకటీ రెండూ తెరుద్దాం. తలుపు తీస్తే అందరూ అటే పోతారు. ఇదొక్కటే దారి."

"ఇచ్చెయ్యండి," అంది అక్క.

ఆయన చెయ్యి జేబు మీదికి వెళ్ళింది. వెళ్ళి అక్కడే ఆగిపోయింది. "ఇవాళ అరిచారని ఇస్తే..." అని మొదలుపెట్టాడు.

అక్క లాగి చెంప మీద కొట్టింది. పెళ్ళైనప్పటి నుంచి ఆయన మీద చెయ్యెత్తని మనిషి. "అవి అరుపులు కావు! మనుషులు! చస్తారు!" అంది.

బావ ఆమెని చూశాడు, కిటికీలోంచి కిందికి చూశాడు. మెట్లు రెండేసి చొప్పున దిగి పరిగెత్తాడు. తాళంచెవులు మాత్రం ఇవ్వలేదు. గుంపుని చీల్చుకుంటూ వెళ్ళి మూడో తలుపుకి వీపానించి రెండు చేతులూ చాపి నిలబడ్డాడు. అలాంటి మనిషి. ప్రాణం ఇమ్మంటే ఇస్తాడు, సరుకు ఇమ్మంటే ఇవ్వడు.

అదే కొంప ముంచింది. ఒంటితో కాపు కాస్తున్నాడంటే లోపల ఎంత సరుకుందో అనుకున్నారు వాళ్ళు. నేననుకోనా? ఆకలేస్తే ఎవరైనా అలాగే అనుకుంటారు.

"తప్పుకోండి సార్," అన్నాడు మేస్త్రీ.

"నా మాట నమ్మరా! చస్తారు!"

"ఇప్పుడేమైనా బతుకుతున్నామా? తప్పుకో!"

కొక్కెం బావ భుజంలో దిగింది. మేస్త్రీ దాన్ని బస్తాని లాగినట్టే లాగి ఆయన్ని పక్కకి విసిరేశాడు. గునపాలతో తాళం పగలగొట్టారు. తలుపులు తెరుచుకోగానే గ్యాసు వెల్లుల్లి వాసనలా గుప్పుమంది. దాన్నెవరూ పట్టించుకోలేదు. కేకలు వేస్తూ లోపలికి దూసుకుపోయి పరదాలు పట్టి చింపారు.

బావ వెంటే దిగొచ్చిన నేను గుంపు వెనక చిక్కుకుపోయాను. ముందు దగ్గులు వినిపించాయి. తర్వాత ఎవరో "వెనక్కి! వెనక్కి!" అన్నారు. వెనకున్నవాళ్ళకి ఆ మాట, 'మాకే కావాలి, మీరు రావద్దు' అన్నట్టు వినిపించి ఇంకా తోశారు. పడ్డవాళ్ళ మీద నుంచి తొక్కుకుంటూ వెళ్ళారు. ఒకతని పక్కటెముకలు విరగడం నేను విన్నాను. గడప దగ్గర ఒక మనిషి మోకాళ్ళ మీద కూలి, నోటి వెంట నురగతో, ఎదురుగా ఉన్నవాడి కాలు పట్టుకున్నాడు. వాడు విడిపించుకోవడానికి ఆ తలని తన్నాడు. బయటికి రావాలనుకునేవాళ్ళూ లోపలికి పోవాలనుకునేవాళ్ళూ తలుపు దగ్గర ఒకరినొకరు కొరుక్కున్నారు, రక్కుకున్నారు. అప్పుడు బావ లేచాడు. ఎడమ చెయ్యి వేలాడుతోంది. చొక్కా చింపి మూతికి కట్టుకుని గోడవారగా లోపలికి దూరాడు.

ఒకణ్ణి కాలరు పట్టి ఈడ్చుకొచ్చాడు. మళ్ళీ వెళ్ళాడు. ఇంకొకణ్ణి తెచ్చాడు. నేనూ ఎలాగో తోసుకుని వచ్చి గడప దగ్గర అందుకుంటూ పోయాను. మూడోసారి మేస్త్రీని తెచ్చాడు, గేటంత మనిషిని, ఒంటి చేత్తో. మేస్త్రీ కళ్ళు తెరిచే ఉన్నాయి, చూపు లేదు. బావ కూడా పక్కనే కూలి దగ్గుతూ రక్తం కక్కాడు.

మేస్త్రీ భార్య వచ్చింది. మొగుడి మొహం చూసింది, బావ మొహం చూసింది. "విషం పెట్టి చంపావు కదరా!" అని జుట్టు పట్టుకుని ఆయన తల రాళ్ళ మీద మోదింది. ఆ మాట చాలింది. కర్రలతో, చెప్పులతో, చేతికి దొరికినదానితో కొట్టారు. నేను అడ్డం వెళితే నా పళ్ళు రాలాయి. అక్క వచ్చి ఆయన మీద బోర్లా పడుకుంది. కొన్ని దెబ్బలు ఆమెకీ తగిలాక ఎవరో ఆపారు. కొట్టే ఓపిక కూడా వాళ్ళకి లేదు. తిండి తిని ఎన్నాళ్ళైందో.

ఆవరణలో ఏడుపులు తప్ప ఏమీ లేవు. శవాలని వరసగా పడుకోబెడుతున్నారు. బావ పెదాలు కదిలాయి. నేను వంగాను.

"జేబులో ఉన్నాయి," అన్నాడు. "తీసుకో. రెండోది తెరువు. తీసుకోమను."

తెరిచాను. బస్తాలు పైకప్పు దాకా ఉన్నాయి. పురుగు లేదు, మందు లేదు, శుభ్రమైన గోధుమలు. "తీసుకోండి! ఊరికే! డబ్బు వద్దు! తీసుకెళ్ళండి!" అని నెత్తురోడే నోటితో అరిచాను.

ఎవరూ కదల్లేదు. వాళ్ళు నన్ను చూడటం లేదు. తలుపు మీది బొమ్మని చూస్తున్నారు.

"ఇందులో ఏమీ లేదు! అది అబద్ధం బోర్డు! నేనే రాశాను!"

"నువ్వెళ్ళు ముందు," అంది మేస్త్రీ భార్య. చేతిలో ఖాళీ గోనె ఉంది. దాన్ని ఇంకా వదల్లేదు పాపం.

వెళదామని తిరిగాను. ఆ గోడౌన్లో ఒక్క మాత్ర కూడా లేదని నాకన్నా తెలిసినవాడు లేడు. అయినా గడప దగ్గర నా కాళ్ళు ఆగిపోయాయి. ఊపిరి బిగబట్టేశాను. ఎంత ప్రయత్నించినా కాలు లోపల పెట్టలేకపోయాను.

"తీసుకోమనరా," అంటున్నాడు బావ వెనక నుంచి, మాట మాటకీ దగ్గుతూ. "వద్దంటారేంట్రా? తీసుకోమను. బతిమాలు." ఆయన ఎవర్నీ బతిమాలడం నేనెప్పుడూ వినలేదు. కాసేపటికి ఆ గొంతు ఆగిపోయింది. నేను వెనక్కి చూడలేదు. చూడాల్సిన అవసరం లేకుండా అక్క కేక వినిపించింది.

తర్వాత అక్క నన్ను పక్కకి తోసుకుని లోపలికి వెళ్ళింది. ఒక బస్తా గోళ్ళతో చింపి, దోసిలి నిండా గోధుమలు తీసుకుని, అందరికీ వినపడేలా గట్టిగా ఊపిరి పీల్చి, బయటికొచ్చి మేస్త్రీ భార్య ముందు నిలబడింది.

"తీసుకోమ్మా," అంది. "ఏమీ కాదు. చూడు, నాకేమీ కాలేదు."

ఆమె దోసిలి వైపు చూసింది. తర్వాత అక్క మొహంలోకి చూసింది. అక్క కళ్ళు ఎర్రబడి ధారగా కారుతున్నాయి. ఊపిరి ఎగదన్నుతోంది, మాట తడబడుతోంది. మొగుడు పోయి ఎంతో సేపు కాలేదు.

మేస్త్రీ భార్య గోనె మూతికి అడ్డం పెట్టుకుని ఒక అడుగు వెనక్కి వేసింది. ఆమెని చూసి మిగతావాళ్ళు కూడా గేటు వైపు జరగడం మొదలుపెట్టారు.